రథచక్రమునకు చెక్క, కారుచక్రమునకు బ్రేకు

కార్వేటినగరము పేరు వినగానే మన శ్రోతలలో సంగీతప్రియులకు సారంగపాణి పదములు జ్ఞప్తికి వచ్చును. ఆ సంస్థానపు రాజుల ఆశ్రయమున, ఆ యూరి వేణుగోపాలస్వామి పేర వెలసిన ఆ పదములను మేము ఎన్నిమారులు ప్రసారము చేసితిమో లెక్కలేదు. ఊరిపేరులో 'కారు' ఉన్నది గదా, దీనికిని మోటారుకారునకును ఏమి సంబంధమని మా కార్యాలయములో నొక చిన్నవాడు పరిహాసమాడెను. ఊరివారు చెప్పు వ్యుత్పత్తి వేరు. అరవమున 'కాడు' అనగా అడవి, 'వెట్టి' యనగా నరికి. అడవి కొట్టి నిలిపిన నగరము గనుక కాడువెట్టినగరమై, పిదప కార్వేటినగరమైనదట. అయినను ఆ పరిహాసము వృథా కాలేదు. నేటి మా ప్రసంగము మోటారుకారును గూర్చినదే. అది మొదలగునది కార్వేటినగరపు మాడవీధి మలుపున.

ఒక శ్రోత మాకు వ్రాసిన ఉత్తరము దీనికి మూలము. ఆయన కళాశాలలో చదువుకొనుచున్న యువకుడు. ఖరీదైన స్పోర్ట్సు కారులలో 'స్టెబిలిటీ కంట్రోల్' అనియు 'ట్రాక్షన్ కంట్రోల్' అనియు రెండు కట్టుబాట్లు ఉండుననియు, వానిని ఆపివేయుటకు ఒక మీట కూడ ఉండుననియు, ఆ మీట నొక్కి నడపినవాడే నిజమైన చోదకుడని తన మిత్రులు వాదించుచున్నారనియు, ఇందలి నిజమేమనియు ఆయన ప్రశ్న. ఉత్తరము మా బల్లమీద కొన్ని వారములుండెను. ఆ నడుమ వైశాఖమాసమున బ్రహ్మోత్సవపు మేళమును రికార్డు చేయుటకై మేము పుత్తూరునుండి పడమటగా, కొండల నడుమ బాటను, కార్వేటినగరమునకు పోయితిమి.

రథోత్సవమునాడు మేము యంత్రమును వీధిమలుపున నిలుపుకొంటిమి. నాదస్వరము, డోలు, గోవిందనామములు అన్నియు చక్కగా వినవచ్చు చోటది. కాని మా కన్నులు మాత్రము చక్రములయొద్ద కూర్చున్న నలుగురైదుగురు మనుష్యులమీద నిలిచిపోయెను. రథమునకు స్టీరింగు లేదు. ఇరుసులు పీఠమునకు బిగింపబడియున్నవి. ముందు వందలాదిమంది మోకులు పట్టి లాగుచున్నారు. వారు లాగినంతకాలము అది తిన్నగనే పోవును. ప్రదక్షిణము గనుక ప్రతి మలుపునను కుడివైపునకే తిరుగవలెను. అప్పుడు వారు చేసిన పని యిది: కుడిచక్రము ముందు, నేలకును చక్రమునకును నడుమ, వాలుగా చెక్కిన బరువైన కొయ్యదిమ్మె నొకటి త్రోసిరి. కుడిచక్రము తడబడి నిలిచెను. ఎడమచక్రము ముందుకు పోయెను. అంతటి రథము కిర్రుమని కుడికి తిరిగెను. తిరుగుట ఒకింత ఎక్కువైనపుడు, ఎడమవైపు కూర్చున్నవాడు తన దిమ్మెను ఎడమచక్రమునకు వేసి సరిచేసెను. మోకు లాగువారికి ఈ సంగతి తెలియనే తెలియదు. వారు లాగుచునే యున్నారు.

దిమ్మె వేయు పెద్దాయనను తరువాత పలకరించితిమి. "మీరు రథాన్ని తిప్పుతారా, పెద్దాయనా?" అని యడుగగా, "తిప్పేదేముంది సామీ! ఒక చక్రాన్ని ఆపితే అదే తిరుగుతుంది. ఎప్పుడు ఏది ఆపాలో తెలిస్తే చాలు" అనెను. మా బల్లమీది ఉత్తరమునకు సమాధానము దొరికినదని మాకు అప్పుడే తోచెను.

దీనిని వివరించుటకు ముందు టైరును గూర్చి ఒక మాట చెప్పవలెను. ఎంత గొప్ప కారైనను రోడ్డును తాకునది నాలుగు అరచేతులంత స్థలముననే. ప్రతి టైరునకును ఆ అరచేయంత చోటున రోడ్డుమీద కొంత పట్టు కలదు. ఆ పట్టు నెలజీతము వంటిది. ఇంత అని యుండును. ఖర్చుపెట్టుట మన యిష్టము. బ్రేకువేయుటకు కొంత, వేగము పెంచుటకు కొంత, మలుపు తిరుగుటకు కొంత. మొత్తము బ్రేకునకే వెచ్చించినచో మలుపునకు మిగులదు. పూర్తిగా బిగిసి జారుచున్న ముందుచక్రమును ఎంత త్రిప్పినను కారు తిరుగకపోవుటకు కారణమిదే. పొడి తారురోడ్డున ఈ జీతము బాగుగనే యుండును. వానలో సగమునకు దిగవచ్చును. మంచుగడ్డమీద పదవవంతునకు గూడ పడిపోవును.

మలుపునకు కావలసిన పట్టు వేగముతో ఎట్లు పెరుగునో చూడుడు. వేగము రెండింతలైనచో కావలసిన పట్టు రెండింతలు కాదు, నాలుగింత లగును. కొండదారిలో 15 మీటర్ల వ్యాసార్ధముగల చుట్టుమలుపున, మంచి టైర్లతో పొడిరోడ్డుమీద గంటకు సుమారు 39 కిలోమీటర్ల వేగము హద్దు. అదే మలుపున వానవలన పట్టు సగమైనచో హద్దు సుమారు 28 కిలోమీటర్లు. ఈ రెండు అంకెలను మనసునం దుంచుకొనుడు. మరల వీనితో పని కలదు.

హద్దు దాటిన కారు రెండువిధముల చెడును. ముందుచక్రముల జీతము ముందుగా చెల్లిపోయినచో, స్టీరింగు త్రిప్పినను కారు తిరుగక యెదుటి గట్టువైపునకే పోవును. వెనుకచక్రములది ముందుగా చెల్లిపోయినచో తోక ప్రక్కకు తప్పి, కారు బొంగరమువలె తన చుట్టు తాను తిరుగును. మొదటిదానికంటె రెండవది భయంకరము. ఏలయన సామాన్యుడైన చోదకుడు బెదరి కాలు తీసివేయును, లేదా బ్రేకు తొక్కును. అప్పుడు బరువు ముందుకు వాలి, తేలికయైన వెనుకచక్రములు మరింత జారును. 1963లో ప్రదర్శనకు వచ్చిన పోర్షె 911 వంటి స్పోర్ట్సు కారులలో ఇంజను వెనుక ఇరుసునకు సహితము వెనుక నుండెను. మలుపు నడుమ కాలు తీసిన క్షణమున ఆ బరువు గడియారపు లోలకమువలె బయటికి ఊగెడిది. 1975 నాటి దాని టర్బో రూపమునకు ఆంగ్లేయులు పెట్టిన ముద్దుపేరునకు అర్థము 'విధవలను చేయునది' అని. ముద్దుపేర్లు పెట్టుటలో అన్ని దేశములవారును ఒక్కటే.

ఇక రెండవ కట్టుబాటైన ట్రాక్షన్ కంట్రోలు సంగతి మాకు బోధపడినది పుస్తకములలో కాదు, బురదలో. ఆ రథోత్సవమునాటి సాయంకాలము పెద్దవాన కురిసెను. తిరుగు ప్రయాణమున మా కారు ఎడమ వెనుకచక్రము బాట ప్రక్క బురదలో దిగబడెను. చోదకుడు ఇంజనును ఎంత రేపినను ఆ చక్రము రాట్నమువలె తిరుగుచు మా బట్టలమీద బురద చిమ్మినదే తప్ప, గట్టినేలమీదనున్న కుడిచక్రము కదలనైనను లేదు. ఇందలి తప్పు ఎవ్వరిదియు గాదు. మలుపున బయటిచక్రము లోపలిచక్రముకంటె ఎక్కువదూరము నడువవలెను గనుక, రెండింటిని వేరువేరు వేగములతో తిరుగనిచ్చు పండ్లచక్రముల అమరిక నొకదానిని 1827లో ఫ్రాన్సుదేశపు పెక్వూరు కనిపెట్టెను. డిఫరెన్షియల్ అని మన మెకానిక్కులు చెప్పునది అదియే. తారురోడ్డున అది మహోపకారి. బురదలో దాని మర్యాద హద్దు మీరును: రెండుచక్రములకును సమానముగనే త్రోపు నిచ్చును గనుక, పట్టులేని చక్రమునకు ఎంత చాలునో పట్టుగల చక్రమునకును అంతే దక్కును.

చెరకుతోటనుండి ట్రాక్టరుతో వచ్చిన రైతు ఒకరు మమ్ము చూచి నిలిచిరి. మా కారును లాగుటకు ఆయన బురదలోనికి దిగవలసివచ్చెను. ట్రాక్టరు చక్రమొకటియు జారసాగెను. ఆయన ఏమాత్రము తొందరపడక, కుడికాలి క్రింద నున్న రెండు బ్రేకు పెడళ్ళలో ఒకదానిని మెల్లగ నొక్కెను. జారుచున్న చక్రము నెమ్మదించెను. రెండవది నేలను పట్టి ట్రాక్టరును మమ్మునుగూడ బయటికి లాగెను. ట్రాక్టరుకు ఎడమచక్రమునకొకటి, కుడిచక్రమునకొకటి బ్రేకులుండుట మన రైతులకందరకు తెలియును. చాలు చివర ఇరుకున మళ్ళుటకు ఒక్కవైపే నొక్కుదురు. రోడ్డెక్కినపుడు రెండింటిని కలిపి కొక్కెము వేయుదురు. వేయక వేగముగా పోవుచు ఒకటే తొక్కినచో ట్రాక్టరు తలక్రిందులగును. పట్టులేని చక్రమును బ్రేకుతో అణచి, దాని వంతు బలమును పట్టుగల చక్రమునకు మళ్ళించుటయే ట్రాక్షన్ కంట్రోలు. స్పోర్ట్సు కారులో ఈ పనితోపాటు ఇంజను బలమును గూడ తగ్గింతురు. మా రైతు చేసినది మొదటి సగము.

కాని రైతునకు రెండు పెడళ్ళు, తీరిక కలవు. గంటకు నూరు కిలోమీటర్ల వేగమున పోవు చోదకునకు నాలుగు చక్రములకు నాలుగు పెడళ్ళిచ్చినను ఒరుగునది లేదు. ఈ పనిని యంత్రమునకు నేర్పుటకు ఐరోపా ఇంజనీర్లకు దాదాపు అర్ధశతాబ్ది పట్టినది. మొదట విమానములకు 1950 ప్రాంతముల డన్‌లప్ సంస్థ మాక్సరెట్ అను సాధనమును చేసెను. నేలదిగు విమానపు చక్రము బిగిసి జారబోవుచున్నచో అది బ్రేకును క్షణమాత్రము సడలించి మరల పట్టెడిది. 1966లో జెన్సెన్ ఎఫ్ఎఫ్ అను ఆంగ్లదేశపు వేగవాహనమున దానిని అమర్చిరి. అట్టివి మూడువందలకు పైచిలుకు మాత్రమే తయారైనవి. పూర్తిగ విద్యుత్పరికరములతో నడచు ఏబీఎస్‌ను బాష్ సంస్థ 1978లో మెర్సిడెస్ కారునకు కూర్చెను. 1980 దశకము ముగియకమున్నే దానిమీద ట్రాక్షన్ కంట్రోలు వచ్చి చేరెను. అప్పటికి యంత్రము ప్రతి చక్రము ఎంత వేగముగ తిరుగుచున్నదో ఎరుగును. ఏ చక్రమునకైనను బ్రేకు వేయగలదు, తీయగలదు. దిమ్మెలు సిద్ధము. ఏది ఎప్పుడు వేయవలెనో చెప్పు పెద్దాయన మాత్రము లేడు.

1989 ఫిబ్రవరిలో ఫ్రాంక్ వెర్నర్ మోన్ అను మెర్సిడెస్ ఇంజనీరు స్వీడన్‌దేశమున మంచుదారిని కారును పరీక్షించుచు జారి గుంటలో పడెను. లాగు వాహనమునకై ఎదురుచూచుచు ఆయన ఆలోచించినది ఇది: కారు బొంగరమువలె ఎంత వడిగా తిరుగుచున్నదో కొలుచు సాధన మొకటి యున్నచో, ఈ బ్రేకులను చోదకుని రక్షణకై వాడవచ్చును గదా! మొదటి ప్రయోగములకు ఆయన ఆటబొమ్మ హెలికాప్టరులోని గైరోస్కోపును ఊడదీసి వాడెనని చెప్పుదురు. బాష్ సంస్థలో ఆంటన్ వాన్ జాంటెన్ అను ఇంజనీరు నాయకత్వమున ఇదే దిశలో పని సాగుచుండెను. ఈ రెండు సంస్థలును కలిసి 1995లో ఎస్ 600 కూపేలో ఈఎస్‌పీ పేర దీనిని లోకమున కందించెను. ఆ యేడే జపానులో టొయోటావారును తమ క్రౌన్ కారున ఇట్టిదానినే ప్రవేశపెట్టిరి. వాన్ జాంటెన్‌కు 2016లో ఐరోపా ఆవిష్కర్తల పురస్కారము జీవితకాల కృషికై లభించెను.

అది పనిచేయు తీరు మాడవీధిలో చూచినదే. స్టీరింగు ఎంత త్రిప్పబడెనో ఒక సాధనము కొలుచును. అది చోదకుని కోరిక. కారు తన చుట్టు తాను ఎంత తిరుగుచున్నదో, ప్రక్కకు ఎంత త్రోయబడుచున్నదో మరి రెండు సాధనములు కొలుచును. అది కారు నిజస్థితి. కోరికయు నిజమును కలియుచున్నవా యని యంత్రము క్షణమునకు 25 మారులు సరిచూచును. కారు కుడికి తిరుగక నేరుగ పోవుచున్నచో, లోపలివైపు వెనుకచక్రమునకు, అనగా కుడి వెనుకదానికి, బ్రేకు వేయును. రథము కుడికి తిరుగుటకు కుడిచక్రమునకు దిమ్మె వేసినట్లు. తోక బయటికి తప్పుచున్నచో, బయటివైపు ముందుచక్రమునకు, అనగా ఎడమ ముందుదానికి, వేయును. ఎక్కువ తిరిగిన రథమును ఎడమదిమ్మెతో సరిచేసినట్లు. ఇంజను బలమును గూడ తగ్గించును. చోదకుడు మోకులు లాగువారివలె స్టీరింగు పట్టుకొని యుండును. పలకమీద ఒక చిన్నదీపము మినుకుమనుటయే ఆయనకు తెలియును.

ఈ సాధనము గొప్పవారి కారులలోనే నిలిచిపోవలసినది. దానిని సామాన్యుల కారులకు దింపినది ఒక పల్టీ. 1997 అక్టోబరులో స్వీడన్ పత్రిక యొకటి, దారికడ్డముగ దుప్పి వచ్చినచో తప్పించుకొను పరీక్షలో మెర్సిడెస్‌వారి కొత్త చిన్నకారు ఏ క్లాసును నడుపగా అది తలక్రిందులయ్యెను. పాత తూర్పు జర్మనీలో తయారైన ట్రాబాంట్ అను బీదకారు అదే పరీక్షను నెగ్గినదని పత్రికలవారు వేడుక చేసికొనిరి. సంస్థవారు కారులను వెనుకకు పిలిచి, అన్నింటికిని ఈఎస్‌పీని అదనపు ధర లేకుండ అమర్చిరి. చిన్నకారునకే అది యుచితముగ దొరకినపుడు పెద్దకారునకేల లేదని కొనువారడుగసాగిరి. 1998లో పోర్షె 911 నాలుగుచక్రముల చోదనముగల రూపమునకు గూడ స్థిరతా నియంత్రణ వచ్చెను. ముద్దుపేరు పోయినదో లేదో మాకు తెలియదుగాని, దానికి కారణమైన గుణము చాలవరకు అణగెను.

అదే 1997లో మరియొక విచిత్రము జరిగెను. ఫార్ములా వన్ పందెములలో ఇట్టి విద్యుత్ సహాయములను 1994నుండి నిషేధించియుండిరి. మెక్‌లారెన్ కారుల వెనుకచక్రపు బ్రేకు ఒకటి మలుపు నడుమ ఎఱ్ఱగ కాలి మెరయుచుండుట డారెన్ హీత్ అను ఛాయాగ్రాహకుడు గమనించెను. జర్మనీలో ఆ కారులు చెడి దారిప్రక్క నిలిచినపుడు కాళ్ళుంచు చోటునకు కెమెరాను దింపి చిత్రము తీసెను. చూడగా మూడవ పెడలు! వెనుకచక్రములలో ఒకదానికి మాత్రమే బ్రేకు వేయునది. మన చెరకుతోట ట్రాక్టరు పెడలే. 1998 బ్రెజిల్ పందెమున ఫెరారీవారు అభ్యంతరము చెప్పగా అధికారులు దానిని నిషేధించిరి. పందెములలో ట్రాక్షన్ కంట్రోలును 2001లో మరల అనుమతించి, 2008నుండి మరల తీసివేసిరి. కనుక మన దక్షిణాదివారిలో 2005న పందెమాడిన కోయంబత్తూరు నారాయణ్ కార్తికేయన్‌కు ఆ సహాయమున్నది. 2010న పందెమాడిన చెన్నై కరుణ్ చంధోక్‌కు లేదు. ఆ యువకుని మిత్రులు చెప్పు 'నిజమైన చోదకుడు' ఇట్టివాడు. ఆయన పాదమే సాధనము; తప్పినచో కారు కంకరలోనికి పోవును, ప్రేక్షకుడు అటువైపు కంచెవెనుక నుండును. కొండదారిలో ఆ కంచె లేదు, ఆ కంకర లేదు. ఎదుటినుండి బస్సు వచ్చుచుండును.

అమెరికాలో 2012 నమూనాలనుండి ప్రతి కారునకును, ఐరోపాలో 2014 నవంబరునుండి ప్రతి కొత్త కారునకును దీనిని చట్టముచే తప్పనిసరి చేసిరి. దీనివలన ఇతర వాహనము తగులకయే జరుగు ప్రమాదములు మామూలు కారులలో 34 శాతము, ఎత్తైన వాహనములలో 59 శాతము తగ్గునని అమెరికా ప్రభుత్వ సంస్థ లెక్కవేసెను. మన దేశమున 2023 అక్టోబరులో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో మూడు నక్షత్రములుగాని అంతకుమించిగాని పొందుటకు ఈ సాధనము ఉండితీరవలెనని నిబంధన పెట్టిరి. కారు కొనబోవు గృహస్థులు రంగును, పాటలపెట్టెను విచారించుటకు ముందు దీనిని విచారించుట మంచిది. పాటలపెట్టెను రెండవ స్థానమున నిలుపుట రేడియోవారమైన మాకు సులభము కాదని మనవి.

ఇప్పుడు ముందు చెప్పిన రెండు అంకెలకు వత్తము. ఆ 39, ఆ 28. యంత్రము ఎంత నేర్పరియైనను టైరు జీతమును ఒక్క పైసా పెంచలేదు; ఉన్నదానిని ఏ చక్రమున వెచ్చింపవలెనో మాత్రమే ఎరుగును. 28 హద్దైన తడిమలుపున 45తో వచ్చినవానిని నాలుగు బ్రేకులును కలిసి రక్షింపలేవు. అరిగిన టైరైనచో ఆ 28 గూడ ఉండదు. తిరుమల మొదటి ఘాట్‌రోడ్డు 1944లో తెరువబడినది, రెండవది 1974లో. ఆ దారులపై ప్రమాదములు తగ్గించుటకు దేవస్థానమువారు పెట్టిన నియమము, కొండ యెక్కుటకు 28 నిమిషములకు, దిగుటకు 40 నిమిషములకు తగ్గరాదనునది, పందెపు కారువాడు నవ్వదగినదిగ తోచవచ్చును. కాని లెక్క తెలిసినవాడు నవ్వడు. ఆ కాలపు చీటి ఏ చక్రమునకును బ్రేకు వేయదు. జీతమునకు మించిన ఖర్చు మొదలే కాకుండ చూచును.

2022 మార్చి 26 రాత్రి ధర్మవరమునుండి తిరుపతికి నిశ్చితార్థమునకై పోవుచున్న బస్సు భాకరాపేట ఘాటులో లోయలో పడి పలువురు మరణించిరి. దాని కారణములను విచారించుట మా పని గాదు. ఆ వార్తను చదివిన మరునాడు ఆ దారినే మేము పోవలసివచ్చెను. మా చోదకుడు మలుపు మలుపునకును రెండవ గేరులోనికి దిగుచు, ఒక్కమాటయు మాటలాడలేదు. మేమును అడుగలేదు.

ఆ యువకునకు మేము వ్రాసిన ప్రత్యుత్తరము చిన్నది. ఆ మీటను పందెపు బాటమీద, గురువు ప్రక్కన నుండగా నొక్కవచ్చును. ఇసుకలోగాని బురదలోగాని దిగబడి కదలనపుడు, కొన్ని కారులలో, కొంతసేపు నొక్కవచ్చును. బయటపడగనే మరల వేయవలెను. దానితోపాటు కార్వేటినగరపు రథోత్సవపు రికార్డు ప్రసారమగు దినమును తెలిపితిమి. నాదస్వరము ఆగి డోలు ఒంటిగ మ్రోగుచున్న చోట, గోవిందా యను కేకకు ముందు, కిర్రుమని ఒక శబ్దము వినవచ్చును. యంత్రదోష మనుకొని మా సాంకేతిక సహాయకుడు దానిని కత్తిరింపబోయెను. అది కుడిచక్రము క్రింద దిమ్మె. దానిని అట్లే యుంచితిమి.